పరిగె, పొలం

బ్రాడీపేట నుంచి పొన్నూరు రోడ్డు పట్టుకుంటే గంటలోపే చేబ్రోలు, దాని పక్కనే కొత్తరెడ్డిపాలెం. అక్కడి కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతివాళ్లమంటూ 1980ల చివర్లో యూదు ఆచారాలు మొదలుపెట్టి, 1990ల తొలినాళ్లలో సమాజమందిరం కట్టుకున్నాయి. షమూయేలు, సాదోక్ యాకోబి సోదరులు నాయకత్వం వహించారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పెర్వేజ్ 2013లో వెలువరించిన పుస్తకం ఈ అస్తిత్వాన్ని కులంతో కలిపి చదివింది. వీళ్లు 'అసలు' యూదులేనా అన్న తగువు నాకు ముఖ్యం కాదు. మిరపకోతకీ పత్తితీతకీ పోయే ఆడవాళ్ల వైపు నుంచి ఆ గ్రంథాలు ఎలా కనిపిస్తాయన్నదే నా ప్రశ్న.

పొలం అంచులదాకా కోయొద్దు, రాలిన పరిగె పేదలకీ పరదేశులకీ వదలమంటుంది లేవీయకాండం. పొద్దుగుంకేలోపు కూలి ఇవ్వమంటుంది ద్వితీయోపదేశకాండం. తర్వాతి రబ్బీలు మిష్నాలో 'పేయా' అని ఒక భాగమే దీనికి కేటాయించి, వదిలే అంచు అరవయ్యో వంతుకి తగ్గకూడదన్నారు. అది ఎవరికివ్వాలో ఎంచే అధికారం ఆసామికి లేదు. అంటే దయ కాదు, హక్కు. పరిగె ఏరిన రూతు కథకి మన పల్లెల్లో వివరణ అక్కర్లేదు, ఆ మాట ముందే మనది.

అయినా పరిగె హక్కు పొలాన్ని ఆసామి చేతిలోనే ఉంచుతుంది. నన్ను ఆపేది సంఖ్యాకాండం 27వ అధ్యాయం. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే అక్కచెల్లెళ్లు పెద్దలందరి ముందూ నిలబడి, కొడుకులు లేని తండ్రి వాటా తమకివ్వమన్నారు, గెలిచారు. వీళ్లది మనష్షే గోత్రం. మనష్షే ఎఫ్రాయిముకి అన్న. కొత్తరెడ్డిపాలెం చెప్పుకునే వంశకథ ప్రకారం వీళ్లు పెత్తండ్రి ఇంటి ఆడపడుచులే! కానీ 36వ అధ్యాయంలో మగవాళ్లు అడ్డుపడ్డారు: నేల బయటికి పోకుండా స్వగోత్రంలోనే పెళ్లాడాలి. మేనరికాల మర్మం తెలిసినవాళ్లం, మనకిది కొత్తా?

మన రాష్ట్రంలో హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి సమాన వాటా 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అదీ అప్పటికి పెళ్లికానివాళ్లకే. తండ్రికి సెంటు నేల కూడా లేని ఇళ్లలో ఆ వాటాకి అర్థమే లేదు. అంతకు రెండు నెలల ముందే, జులైలో, కారంచేడు చెరువు దగ్గర నీళ్ల కోసం మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు.