ఆర్ణి నుండి థార్ వరకు: ఒక చిన్న పింజర నామచరిత్ర

థార్ ఎడారి ఇసుకపై ప్రక్కవాటుగా జారిపోయే రంపపు పొలుసుల పింజర శాస్త్రగ్రంథాలలోకి ఎడారి జీవిగా ప్రవేశించలేదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో లండన్‌లో ప్రచురించిన కోరమాండల్ తీర సర్పాల గ్రంథంలో ఇది రెండవ చిత్రపటం. దానికి ఆయన పెట్టిన శీర్షిక 'హొరట్ట పామ్'. విషసర్పాన్ని విషరహిత సర్పం నుండి వేరుచేసి చూపడం ఆయన ప్రధానోద్దేశం. కనుకనే ప్రజల నోటి పేర్లను తన చెవికి వినిపించినట్లు రోమన్ లిపిలో నమోదు చేశాడు. రక్తపింజరను 'కటుక రేకుల పొడ'గా గ్రంథస్థం చేసినదీ ఆయనే.

ఆ పేర్లలో కొన్నింటికి శాస్త్రనామాలలోనూ చోటు దక్కింది. 1801లో జర్మన్ పండితుడు ష్నైడర్ ఈ పాముకు 'కారినాటా' అన్న లాటిన్ జాతినామమిచ్చాడు. 1820లో మెర్రెమ్ దీనికి 'ఎకిస్' అనే ప్రజాతిని ఏర్పరచాడు. లాటిన్‌లో 'కారినా' అంటే ఓడ అడుగున నిడివిగా సాగే వెన్నుదూలం. పొలుసు నడుమ లేచిన గీతను ఆ మాట సూచిస్తుంది. ప్రక్కల ఏటవాలుగా అమరిన పొలుసుల గీతలకు రంపపు పళ్లుంటాయి. బెదిరినప్పుడు పాము మెలికలు చుట్టుకొని వాటిని ఒకదానితో ఒకటి రాస్తుంది; కాలిన పెనం మీద నీళ్లు చిలికినట్లు చప్పుడవుతుంది. బుసతో పోయే తేమను ఈ విధంగా ఆదా చేసుకుంటుందన్న ఊహ ఉన్నది. ఎడారికి అది చక్కగా అతికే వివరణే కాని, వానలు బాగా కురిసే కొంకణంలోనూ ఈ పాము సమృద్ధిగా ఉన్నదని మరువరాదు. తేళ్లు, జెర్రులు, బల్లులు దీని ఆహారం. ఆఫ్రికాలోని దాయాదులు గుడ్లు పెట్టగా, భారతదేశంలోని ఈ జాతి పిల్లలను కంటుంది.

ష్నైడర్ నామానికి ఆధారస్థలం తమిళనాడులోని ఆర్ణి. ఉత్తరాది ఎడారి రూపాన్ని 1969లో స్టెమ్లర్ బలూచిస్థాన్‌లోని పిషిన్ ప్రాంతపు నమూనాల ఆధారంగా 'సోచురెకి' అనే ఉపజాతిగా వేరుచేశాడు. ఇది దక్షిణాది రూపం కంటె పెద్దది. ఈ భేదం వర్గీకరణ శాస్త్రజ్ఞుల తర్కానికే పరిమితం కాదు. ఈ పాము విషం రక్తంలోని గడ్డకట్టే పదార్థాలను హరించివేస్తుంది. ఆపై రక్తస్రావం ఆగదు. భారతదేశంలో ప్రతివిషం తయారీకి కావలసిన విషం అధికభాగం 1978లో ఏర్పడిన తమిళనాడు ఇరులుల సహకార సంఘం నుండి, అనగా దక్షిణాది పాముల నుండి వస్తున్నది. రాజస్థాన్ బాధితులలో ఆ ప్రతివిషం ఆశించినంతగా పనిచేయడం లేదని వైద్యుల పరిశీలనలు, ప్రయోగశాల పరీక్షలు తెలిపాయి. ప్రతివిషం సీసాపై ఉపజాతి ప్రస్తావన లేదు. అక్కడ ఉన్నది ష్నైడర్ ఇచ్చిన జాతినామం ఒక్కటే.