ఆర్‌ఓవీలలో థ్రస్టరు, సంధాన లోపాల నిర్ధారణ

ఆర్‌ఓవీ అనగా మనిషి లోపల కూర్చొనకుండా, ఒడ్డు మీద నుండి గాని నౌక మీద నుండి గాని నడిపించే నీటి అడుగు వాహనం. రేడియో తరంగాలు సముద్రపు నీటిలో త్వరగా క్షీణిస్తాయి కనుక ఆదేశాలు, దృశ్యాలు టెథర్ అనే పొడవైన తీగ గుండా ప్రయాణిస్తాయి. వాహనాన్ని కదిలించే మోటారు, ప్రొపెల్లరుల జతను థ్రస్టరు అంటారు. థ్రస్టరు ఆగినా, టెథర్ తెగినా వాహనాన్ని తిరిగి పైకి తీసుకొని రావడం కష్టమవుతుంది. అందువలన లోపాన్ని నీటిలోనికి దింపక మునుపే గుర్తించడం ముఖ్యం.

ప్రాముఖ్యత

జపానుకు చెందిన కైకో అను ఆర్‌ఓవీ 1995 మార్చి 24న మరియానా అగాధంలో సుమారు 10,911 మీటర్ల లోతుకు చేరింది. 2003 మే 29న షికోకు ద్వీపం సమీపంలో పనిచేయుచుండగా, లాంచరును వాహనంతో కలిపే తీగ తెగిపోవుట వలన వాహనం సముద్రంలో పోయింది. భారతదేశంలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 6,000 మీటర్ల లోతు కొరకు రోసబ్ 6000 అను ఆర్‌ఓవీని రూపొందించింది.

నిర్మాణం

చిన్న ఆర్‌ఓవీలకు ఉదాహరణగా 2016లో వెలువడిన బ్లూఆర్‌ఓవీ2ను తీసుకొనవచ్చును. మూల నమూనాలో ఆరు థ్రస్టర్లు కలవు. ప్రతి థ్రస్టరులో మూడు తీగల బ్రష్‌లెస్ మోటారు, దానికి ఒక వేగ నియంత్రకం ఉంటాయి. ఆటోపైలట్ పంపే స్పందన వెడల్పు 1500 మైక్రోసెకన్లు అయితే మోటారు నిలిచి ఉంటుంది. 1900 వైపు పెరిగితే ఒక దిశలోను, 1100 వైపు తగ్గితే వ్యతిరేక దిశలోను తిరుగుతుంది. వాహనం లోపలి చిన్న కంప్యూటరు టెథర్ ద్వారా ఒడ్డు మీది కంప్యూటరుతో సంభాషిస్తుంది. విద్యుత్తు వాహనంలోని బ్యాటరీ నుండి లభిస్తుంది.

థ్రస్టరు లోపాలు

* ఏ థ్రస్టరూ తిరగకపోవడం: మోటార్లను సిద్ధస్థితికి తెచ్చారో లేదో, బ్యాటరీ వోల్టేజి చాలినంత ఉన్నదో లేదో మొదట చూడాలి. వేగ నియంత్రకాలకు ఆరంభంలో 1500 సంకేతం అందకపోయినా అవి పనిచేయవు.
* ఒక్క థ్రస్టరు మాత్రమే తిరగకపోవడం: విద్యుత్తు ఆపి, ప్రొపెల్లరుకు చేపల వల దారము, నాచు, ఇసుక చిక్కుకొన్నవేమో చేతితో తిప్పి చూడాలి. అడ్డంకి లేనిచో దాని సంకేత తీగను బాగున్న థ్రస్టరు సంకేత తీగతో మార్చి చూడాలి. ఇప్పుడు తిరిగితే లోపం ఆటోపైలట్ వైపు ఉన్నట్లు. తిరగకపోతే మోటారును బాగున్న వేగ నియంత్రకానికి కలపాలి. అప్పుడు తిరిగితే పాత నియంత్రకం, తిరగకపోతే మోటారు గాని దాని తీగ గాని చెడినట్లు.
* వణుకుతూ తిరగలేకపోవడం: మూడు తీగలలో ఒకటి వదులైనప్పుడు ఈ లక్షణం కనిపిస్తుంది.
* వ్యతిరేక దిశలో తిరగడం: మూడు తీగలలో ఏ రెంటినైనా తారుమారు చేయాలి, లేదా సాఫ్టువేరులో దిశ మార్చాలి.

వాహనం తనంతట తాను గిరగిర తిరుగుచున్నచో నియంత్రణ విధానాన్ని గమనించాలి. స్థిరీకరణ విధానంలో మాత్రమే ఇట్లు జరిగితే దిక్సూచి, గైరోల సవరణను అనుమానించాలి. చేతి నియంత్రణలో కూడా జరిగితే ఏదో ఒక థ్రస్టరు దిశ తప్పుగా ఉండవచ్చును.

సంధాన లోపాలు

సంధానాన్ని క్రింది నుండి పైకి మెట్లుమెట్లుగా పరిశీలించాలి.

1. వాహనానికి విద్యుత్తు అందుచున్నదా?
2. టెథర్ రెండు కొనలలోని పరికరాల దీపాలు వెలుగుచున్నవా?
3. ఒడ్డు మీది కంప్యూటరు నెట్‌వర్కు చిరునామా సరైనదా? బ్లూఆర్‌ఓవీ2లో ఇది 192.168.2.1, వాహనానిది 192.168.2.2.
4. వాహనం చిరునామాకు పింగ్ పంపితే జవాబు వచ్చుచున్నదా?

జవాబు వచ్చి కూడా నియంత్రణ తెరపై సమాచారం లేకపోతే టెథర్ బాగున్నట్లే. అప్పుడు ఫైర్‌వాల్, సాఫ్టువేరు, ఆటోపైలట్ తీగలను చూడాలి. జవాబు రాకపోతే టెథర్‌లోని తీగ జతను పరీక్షించి, అవసరమైతే ఖాళీగా ఉన్న మరొక జతకు మార్చవచ్చును. సంధానం వచ్చిపోవుచున్నచో టెథర్‌ను కొద్దికొద్దిగా వంచుతూ తెగిన చోటు వెదకాలి.

సంధానం తెగుట ఎల్లప్పుడూ టెథర్ దోషం కాదు. థ్రస్టర్లను పూర్తి వేగంతో నడిపినప్పుడు మాత్రమే తెగితే, బ్యాటరీ వోల్టేజి పడిపోయి లోపలి కంప్యూటరు మళ్ళీ ఆరంభమగుచున్నదని అనుమానించాలి. ఇట్టి సందర్భంలో టెథర్ మార్చినా ఫలితం ఉండదు.

జాగ్రత్తలు

పరీక్షించునప్పుడు చేతులను, దుస్తులను ప్రొపెల్లర్లకు దూరంగా ఉంచాలి. నీటితోనే బేరింగులు చల్లబడే థ్రస్టర్లను గాలిలో ఎక్కువసేపు నడపరాదు. మూత తెరిచి మూసిన ప్రతిసారీ రబ్బరు వలయాలను శుభ్రపరచి, శూన్య పరీక్ష చేయాలి. నీరు లోనికి వచ్చినట్లు సూచన కనిపిస్తే వెంటనే వాహనాన్ని పైకి తెచ్చి బ్యాటరీని విడదీయాలి. వాహనాన్ని కొద్దిగా తేలే స్వభావంతో అమర్చినట్లయితే, సంధానం పోయి మోటార్లు ఆగినా అది తనంతట తానే ఉపరితలానికి చేరుతుంది.

ఇవి కూడా చూడండి

* జలాంతర్గామి
* మరియానా అగాధం
* విద్యుత్ మోటారు