ఫుట్‌బాలు మైదానమున వర్ణద్వేషము – పత్రికల బాధ్యత

ఆటస్థలమున సున్నముతో గీతలు గీయుదురు. ఆ గీతల లోపల ధనికుడా దరిద్రుడా, తెల్లవాడా నల్లవాడా యను విచారణ లేదు. బంతిని నేర్పుతో నడపినవానిదే గెలుపు. ఆటయందలి ధర్మ మిదియే. ఈ ధర్మము గీతల వెలుపలికిని ప్రసరింపవలెనని సంస్కారప్రియు లెల్లరు కోరుదురు. కాని లోకమున తఱచుగా దీనికి విపరీతమే జరుగుచున్నది. వెలుపలి ద్వేషమే గీతలు దాటి లోపల ప్రవేశించుచున్నది.

ఫుట్‌బాలు ఆటను చుట్టుకొని మూడు వరుసల జనులు గలరు. మొదటివారు ఆటగాండ్రు. రెండవవారు ప్రేక్షకులు. మూడవవారు, జరిగినదానిని దేశమున కెఱిగించు పత్రికలవారును, రేడియో టెలివిజనులయందలి వ్యాఖ్యాతలును. మొదటి రెండు వరుసలను గూర్చి చాలమంది మాటలాడుదురు. మూడవ వరుసను గూర్చి మాటలాడువారు తక్కువ. ఏలయన మాటలాడు సాధనము వారి చేతిలోనే యున్నది. ఇంగ్లండు దేశమున నల్లని చర్మముగల ఆటగాండ్రకు జరిగిన అవమానముల చరిత్రమును పరిశీలించినచో, ఈ మూడవ వరుసవారు ఒకప్పుడు వైద్యులుగను, ఒకప్పుడు నిద్రించు కావలివాండ్రుగను, మఱియొకప్పుడు స్వయముగా తెవులును మోయువారుగను కనబడుదురు. ఈ మూడు రూపములను చదువరుల ముందుంచుటయే మా యుద్దేశము.

నల్లవారు ఆ దేశపు ఫుట్‌బాలునకు క్రొత్తవారు కారు. ఆర్థర్ వార్టన్ అను నాతడు 1865వ సంవత్సరమున ఆఫ్రికాలోని ఆక్రా నగరమున జన్మించి, చదువునిమిత్తము ఇంగ్లండునకు వచ్చి, ప్రెస్టన్ నార్త్ ఎండ్, రోథరాం, షెఫీల్డ్ యునైటెడ్ జట్లకు గోలుకీపరుగా నుండెను. 1886లో నూరుగజముల పరుగును పది సెకండ్లలో ముగించి పేరొందెను. అట్టివాడు 1930లో బీదతనమున మరణించి, గుర్తులేని సమాధిలో పూడ్చబడెను. ఆ సమాధిపై ఒక రాయి నిలుచుటకు 1997వ సంవత్సరము రావలసివచ్చెను. పత్రికలు మఱచిన మనుష్యుని దేశమును మఱచును.

వైద్యుని రూపమునకు 1909వ సంవత్సరమున ఒక యుదాహరణము గలదు. వాల్టర్ టల్ అను యువకుడు ఆ యేట టాటెన్‌హాం జట్టున చేరెను. ఆతని తండ్రి బార్బడోసు ద్వీపమునుండి వచ్చిన వడ్రంగి, తల్లి ఆంగ్లవనిత. బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయి అనాథశరణాలయమున పెరిగినవాడు. అక్టోబరు మాసమున బ్రిస్టలు నగరమున జరిగిన ఆటలో ప్రేక్షకులు కొంద ఱాతనిని చర్మపు రంగునుబట్టి నీచభాషతో దూషించిరి. ఫుట్‌బాల్ స్టార్ అను పత్రికకు వ్రాయు విలేఖరి దానిని విని ఊరకుండలేదు. దూషించినవారిది పిఱికితనమనియు, దూషింపబడినవాడు తన నడవడిచేత తెల్లయాటగాండ్ర కెల్ల ఆదర్శప్రాయు డనియు స్పష్టముగా వ్రాసెను. ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. ఆ విలేఖరి దూషణమును ఆటలో సామాన్యమైన గోలగా ఎంచలేదు. సిగ్గు ఎవరికి చెందవలెనో వారికే దానిని చెందించెను.

అయినను ఒక్క వ్యాసము ఒక్క మనుష్యుని రక్షింపజాలదు. కొలదికాలమునకే టల్ పెద్దజట్టునుండి తొలగింపబడి రిజర్వు జట్టునకు పంపబడెను. 1911లో నార్తాంప్టను జట్టునకు మారెను. పిమ్మట మొదటి ప్రపంచయుద్ధమున సైన్యమున చేరి, 1917లో అధికారిపదవి పొంది, 1918 మార్చి 25వ తేదీన ఫ్రాన్సుదేశపు యుద్ధభూమిలో మరణించెను. బ్రిస్టలులో వేసిన కేకలు గాలిలో కలసిపోయినవి. ఆ విలేఖరి వ్రాసిన వాక్యములు నిలిచినవి. ఈనాడు మన మా సంగతి నెఱుగుట ఆ వాక్యములవలననే.

నిద్రించు కావలివాని రూపము 1925లో కనబడును. ప్లిమత్ ఆర్గైల్ జట్టున జాక్ లెస్లీ అను నాటగా డుండెను. ఆతని తండ్రి జమైకా దేశస్థుడు. ఆ జట్టుకొఱ కాతడు మొత్తము 401 ఆటలాడి 137 గోలులు వేసెను. 1925 అక్టోబరులో ఐర్లండుతో జరుగనున్న ఆటకు ఇంగ్లండు జట్టున ఆతని పేరు చేరినదని పత్రికలలో వార్త వచ్చెను. కొన్నిదినములకు ఆ స్థానమున వేరొకని పేరు కానవచ్చెను. తన యాటను గాక తన ముఖమును చూచుటకే ఎంపికసంఘమువారు వచ్చిరని లెస్లీ ముసలితనమున చెప్పెను. పేరు మాఱిన కారణమును పట్టుబట్టి అడిగి, సమాధానము రాబట్టిన పత్రిక ఆనాడు లేదు. ఒక పేరు అచ్చయినది. మఱియొక పేరు అచ్చయినది. రెంటి నడుమ జరిగినది మాత్రము అచ్చు కాలేదు.

ఆట మానినపిదప లెస్లీ లండను నగరమున వెస్ట్‌హాం జట్టువారి బూట్లను శుభ్రముచేయు పనిలో నుండెను. 1978లో ఒక విలేఖరి యాతనితో మాటలాడినప్పుడు ఈ కథ మరల వెలికివచ్చెను. ఆ యేటనే నవంబరు 29న వివ్ ఆండర్సన్ ఇంగ్లండు పెద్దజట్టున ఆడిన మొదటి నల్లయాటగాడయ్యెను. లెస్లీ 1988లో గతించెను. 2022లో ప్లిమతున ఆతని విగ్రహము నెలకొల్పబడెను. 2023లో, దేశపుజట్టున ఆడినవారి కిచ్చు గౌరవపు టోపీని ఫుట్‌బాల్ అసోసియేషనువా రాతని కుటుంబమున కొసగిరి. ఆనాడు విడిచిన ప్రశ్నకు సమాధానము వచ్చుటకు 98 సంవత్సరములు పట్టినది. అడుగవలసినవాడు అప్పటికి లేడు.

టెలివిజను వ్యాపించినపిదప దూషణము ఇండ్లలోనికే వినవచ్చుచుండెను. వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్ జట్టున సిరిల్ రెజిస్, లారీ కన్నింగ్‌హాం, బ్రెండన్ బాట్సన్ అను ముగ్గురు నల్లయాటగాండ్రు కలసి ఆడుచుండిరి. బంతి వారి కాలికి తగిలినప్పుడెల్ల ఎదుటి జట్టు అభిమానులు హేళనగా అరచుచుండిరి. వ్యాఖ్యాతలు సామాన్యముగా ఆ యరపును గాలివానను విన్నట్లు విని, ఆటను మాత్రము వర్ణించి ఊరకుండుచుండిరి. 1978 డిసెంబరు 30న మాంచెస్టరులో ఆల్బియన్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్ జట్టును 5–3 గోలులతో ఓడించినది. ఆనాడు జెరాల్డ్ సిన్‌స్టాట్ అను వ్యాఖ్యాత, ప్రేక్షకులు నల్లయాటగాండ్రను హేళన చేయుచున్నారని ఉన్నదున్నట్లు చెప్పెను.

ఆ మాత్రము చెప్పుటలో ఘనత యేమని కొందఱడుగవచ్చును. పేరులేని రోగమునకు వైద్యము లేదు. అంతవరకు ఇంటిలో ఆట చూచుచున్న కుమారుడు ఆ శబ్దమేమని యడిగినచో, జనుల గోల యని చెప్పి తండ్రి తప్పించుకొనగలిగెను. ఆ వాక్యము వినినపిదప తప్పించుకొనుట కష్టము.

తరువాతి దశాబ్దమున సాక్ష్యము హెచ్చినది. లీడ్సు నగరమున మైదానపు ద్వారమువద్ద వర్ణద్వేషులు తమ పత్రికలను బాహాటముగా అమ్ముచుండగా, 1987లో ఆ జట్టు అభిమానులే కొందఱు సహింపక, 'మార్చింగ్ ఆల్టుగెదర్' అను చిన్నపత్రికను అచ్చొత్తించి ఆటదినములయందు పంచసాగిరి. ఏ ద్వారమున విషము అమ్ముడుపోవుచుండెనో ఆ ద్వారముననే వారు విరుగుడును పంచిరి. 1988 ఫిబ్రవరి 21న లివర్‌పూలు జట్టువాడగు జాన్ బార్న్స్ మీదికి ప్రేక్షకుడొకడు అరటిపండు విసరెను. బార్న్స్ దానిని మడమతో వెనుకకు తన్ని తన యాటలో తా నుండెను. బాబ్ థామస్ అను ఛాయాగ్రాహకు డా క్షణమును చిత్రమున బంధించెను. మన యింట దేవునికి నైవేద్యముగా పెట్టు పండు అచట మనుష్యుని కోతితో సమానుని జేయుటకు విసరిన ఆయుధమయ్యెను. ఆ చిత్రమును చూచినవాడు అట్టి దేదియు జరుగలేదని చెప్పజాలడు.

1989 నాటి హిల్స్‌బరో దుర్ఘటనను విచారించిన టేలర్ న్యాయమూర్తి, 1990లో ఇచ్చిన నివేదికయందు మైదానములలోని వర్ణదూషణపు కేకలను నేరముగా ఎంచవలెనని సూచించెను. 1991లో చట్టము పుట్టెను. కాని ఆ చట్టమున ఒక విచిత్రమైన లోపముండెను. ఇరువురో అంతకు మించినవారో కలసి అరచిననే నేరము. ఒక్కడే అరచిన నేరము కాదు! ఈ లోపమును దిద్దుటకు 1999 వఱకు ఎనిమిదేండ్లు పట్టెను. ఈ నడుమ 1993లో ఆటగాండ్ర సంఘమువారును, జాతిసమానత్వ కమిషనువారును కలసి, వర్ణద్వేషమును ఫుట్‌బాలునుండి తన్ని వెడలగొట్టుదమను పేరుతో ప్రచారోద్యమమును ప్రారంభించిరి. చట్టమునకు సాక్ష్యము కావలెను. ఆ సాక్ష్యమును కూర్చినవారిలో చిన్నపత్రికవాడును, ఛాయాగ్రాహకుడును, ఒక్క వాక్యము పలికిన వ్యాఖ్యాతయు గలరు.

ఇంతవరకు చెప్పినది ప్రేక్షకుల దోషము. ఇక మూడవ వరుసలోని దోషమును చెప్పవలసియున్నది. 1978 నాటి ఆల్బియన్ జట్టునకు మేనేజరుగా నుండి, ఆ ముగ్గురు నల్లయాటగాండ్రను ధైర్యముతో ఆడించినవాడు రాన్ అట్కిన్‌సన్. ఈతడే పిమ్మట టెలివిజనులో విశ్లేషకుడయ్యెను. 2004 ఏప్రిలు 20న ఒక యాట ముగిసినపిదప, మైకు ఆగినదని తలచి, మార్సెల్ దెసాయీ అను నల్లయాటగాని గూర్చి అతినీచమైన జాతిదూషణము పలికెను. మైకు ఆగలేదు; కొన్ని దేశముల ప్రేక్షకు లా మాట వినిరి. ఆతడు పదవి విడువవలసివచ్చెను. నల్లవారికి అవకాశమిచ్చిన మంచిపనియు, ఆ దూషణమును ఒక్క మనుష్యునియందే యుండెను. ద్వేషము దుర్జనులయందు మాత్రమే నివసించునని మన మనుకొనుచుందుము. ఆ యనుకొనుటయే దానికి సురక్షితమైన యిల్లు.

దూషణము లేకయే ద్వేషము పనిచేయు తీరు ఇంతకన్న సూక్ష్మమైనది. 2018 డిసెంబరులో రహీం స్టెర్లింగ్ అను ఇంగ్లండు ఆటగాడు ఒక యాటలో ప్రేక్షకుల దూషణమునకు గుఱియయ్యెను. మఱునా డాతడు దూషించినవారినిగాక పత్రికలనే ప్రశ్నించెను. మాంచెస్టర్ సిటీ జట్టులోని యిరువురు పడుచు ఆటగాండ్రను గూర్చిన రెండు శీర్షికలను ఆతడు ప్రక్కప్రక్కన పెట్టి లోకమునకు చూపెను. ఇరువురును ఇల్లు కొనిరి. నల్లవాడగు టోసిన్ అడరాబియోయో కొన్నప్పుడు శీర్షిక ఆతని వారపు జీతమును లెక్కించి, ఇంకను పెద్దలీగులో ఆట మొదలిడనివాడు ఇంత వ్యయము చేసెనని ఆక్షేపించినట్లుండెను. తెల్లవాడగు ఫిల్ ఫోడెన్ కొన్నప్పుడు తల్లికొఱకు ఇల్లు కొన్న కుమారుడని మెచ్చినట్లుండెను. ఏ శీర్షికయందును తిట్టు లేదు, అసత్యమును లేదు. అయినను రెండును కలిపి చదివినవానికి అందలి విషము తెలియును. ఇట్టి శీర్షికలను దినదినము చదివినవాడు మైదానమునకు పోయి కేక వేసినచో, ఆ కేక యంతయు వాని సొంతమేనా?

ఇది యొక శీర్షికతో పోవు సంగతి కాదు. 2020లో రన్‌రిపీట్ అను సంస్థవారు ఆటగాండ్ర సంఘముతో కలసి 80 ఆటల ఆంగ్లవ్యాఖ్యానములను, అందలి 2,073 వాక్యములను పరిశీలించిరి. బుద్ధిని మెచ్చిన మాటలలో నూటికి 62కు పైగా తెల్లని చర్మముగలవారికి చెందెను. దేహబలమును గూర్చిన మాటలు నల్లని చర్మముగలవారి విషయమున ఆఱు రెట్లకు పైగా వినవచ్చెను. ఒకనికి బుద్ధియు, మఱియొకనికి బలమును పంచిపెట్టుట పైకి మెప్పుగనే వినబడును. కాని ఆట మానినపిదప జట్టును నడపుటకు, శిక్షణ యిచ్చుటకు బుద్ధిమంతుని వెదకువారు ఎవరిని పిలుతురు? మెప్పులోని యీ భేదము జీవనోపాధిలో భేదముగా పరిణమించుట కెక్కువ కాలము పట్టదు.

ఇట దూరదృష్టిగల కొందఱొక యాక్షేపణ చేయుదురు. దూషణమును పత్రికలు ప్రకటించినకొలది అది వ్యాపించుననియు, దూషించినవాడు కోరునది ఆ ప్రసిద్ధియే యనియు వీరి వాదము. ఇందు సత్యాంశము లేకపోలేదు. నీచపదమును మరల మరల అచ్చువేయుట యనవసరము. దూషించినవానిని కథానాయకుని చేయుట హానికరము. కాని ప్రకటింపకుండుట యెట్టిదో 1925 మనకు చూపినది. టల్‌ను గూర్చి వ్రాసిన విలేఖరి మార్గము ఈ రెంటికి నడుమ నున్నది: దూషణమును పేర్కొని, దోషిని సిగ్గుపఱచి, ఆటగానిని మనుష్యునిగా నిలిపెను.

ఈ కాలమున మూడవ వరుస మన యింటిలోనికే వచ్చినది. 2021 ఏప్రిలు 30 మొదలు మే 3 వఱకు నాలుగుదినములు ఇంగ్లండులోని జట్లును, కొన్ని ప్రసారసంస్థలును సామాజిక మాధ్యమములలో నిరసనగా మౌనము వహించిరి. అయినను ఆ జూలై 11న యూరోపు పోటీ తుది ఆటలో పెనాల్టీ గోలులు వేయలేకపోయిన రాష్‌ఫర్డ్, సాంచో, సాకా అను ముగ్గురు నల్లయాటగాండ్రమీద ఫోనులద్వారా దూషణములు వఱదవలె పాఱెను. 2022లో ఇంటర్నెట్టున జరుపు దూషణమునకును మైదానప్రవేశ నిషేధము వర్తించునట్లు చట్టమును విస్తరించిరి. పూర్వము అచ్చుయంత్రము గలవాడే పత్రికాకర్త. నేడు ఫోను గల ప్రతి యువకుడును పత్రికాకర్తయే. కాని వాని తలమీద సంపాదకుడు లేడు.

కావున సంపాదకుని పని యింటిలోని పెద్దలదియు అయినది. స్టెర్లింగ్ చూపిన పరీక్ష యెవరైనను చేయదగినంత సులభమైనది. ఒక మనుష్యుని గూర్చిన శీర్షికను చదివినపుడు ఆ పేరును తీసివేసి, వేఱు రంగుగలవాని పేరును అందుంచి మరల చదువవలెను. మాట యథాప్రకారము నిలిచిన మంచిదే. నిలువక విపరీతముగా తోచిన, లోప మెచట నున్నదో పిల్లలకు విప్పి చెప్పి, ఆ పత్రికకు ఒక యుత్తరము వ్రాయుడు. చదువరి యడుగనిచో పత్రిక తనంతట తాను దిద్దుకొనునని మాకు తోచదు.