పదిమంది కాసే కోడ్

మూలం: ‘బహిరంగమైన కోడ్‌ను పదిమంది కాస్తారు.’

ఓపెన్ సోర్స్ భద్రత గురించి తరచూ వినిపించే ధీమాను నేనిలా ఒక్క వాక్యంలోకి కుదించాను. ఇక మాటమాటకూ అర్థం.

బహిరంగమైన: ఎవరైనా చదవవచ్చు అని. చదువుతారని కాదు. 2024లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో, 5.6.0, 5.6.1 వెర్షన్లలో, ఒక బ్యాక్‌డోర్ దూరింది. మన మాటలో దొడ్డిదారి. దాని గురి ఎస్‌ఎస్‌హెచ్ మీద, అంటే సర్వర్ల సింహద్వారం మీద. విషపు కోడ్‌ను పరీక్షల కోసం ఉంచే ఫైళ్లలో దాచారు. బిల్డ్ చేసేటప్పుడు దాన్ని బయటికి తీసే భాగం మాత్రం అందరూ చూసే కోడ్ ఖజానా అయిన గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లోనే, అంటే కోడ్ మూటలోనే ఉంది. గిట్‌ను అక్షరం పొల్లుపోకుండా చదివినా సగం కథే తెలిసేది.

కోడ్‌ను: ద్వితీయా విభక్తి. కాపలా కోడ్‌కే, దాన్ని మోసేవాడి ఊసు వాక్యంలో లేదు. అసలు కన్నం ఇక్కడే పడింది. ఎక్స్‌జెడ్‌ను ఏళ్లపాటు దాదాపు ఒంటిచేత్తో, జీతం లేకుండా నడిపినవాడు లాసే కొలిన్. ప్యాచ్‌లు ఆలస్యమవుతున్నాయని 2022లో ముక్కూముఖం తెలియని పేర్లు కొన్ని ఆయన్ను సాధించాయి. 2021 నుంచీ ఓపిగ్గా ప్యాచ్‌లు పంపుతున్న ‘జియా టాన్’ చేతికి క్రమంగా అధికారం వెళ్లింది. కంచే చేను మేసింది.

పదిమంది: జనం అనే అర్థంలో వాడుక. లెక్క కాదు. పదిమంది చేతిలో పాము చావదనీ మనవాళ్లే అన్నారు మరి. నెట్‌లో డేటాను గుప్తంగా పంపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని హార్ట్‌బ్లీడ్ లోపం రెండేళ్లు అందరి ముందే ఉండి 2014లో బయటపడింది. అప్పటికి ఆ ప్రాజెక్టులో పూర్తికాలం పనిచేసేది ఒక్కరే. లైనక్స్ ఫౌండేషన్ పెద్ద కంపెనీల చేత డబ్బు పెట్టించింది ఆ తర్వాతే.

కాస్తారు: క్రియ బహువచనం. ఎక్స్‌జెడ్ విషయంలో కర్త మొదట ఏకవచనమే. పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రోయిండ్‌కు తన డెబియన్ మెషిన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమైనట్టు అనిపించింది. వదిలేయకుండా తవ్వాడు. మార్చి 29న అందరికీ చెప్పాడు. ఆ తర్వాత బహువచనం నిజమైంది: లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ల వాళ్లు ఆ వెర్షన్లను వెనక్కి తీసుకున్నారు, ఎక్కడెక్కడి వాళ్లో ఆ కోడ్ పోగులు విప్పి చూపించారు.

దొడ్డిదారిని తొలగించిన 5.6.2 వెర్షన్ మే నెలలో వచ్చింది. విడుదల చేసింది మళ్లీ లాసే కొలినే.