హైదరాబాదు టై-బ్రేకర్: అంతర్జాతీయ మహిళల హాకీలో తెలుగు నేల

2001లో ఢిల్లీలో జరగవలసి ఉండి, అమెరికాపై సెప్టెంబరు 11 దాడుల తర్వాత నెలకొన్న పరిస్థితుల్లో వాయిదా పడిన ఆఫ్రో-ఆసియా క్రీడలు 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 వరకు హైదరాబాదులో జరిగాయి. అంతకు ముందటి ఏడాది జాతీయ క్రీడలకు ఆతిథ్యమిచ్చి, గచ్చిబౌలిలో విశాలమైన క్రీడా ప్రాంగణాన్ని సమకూర్చుకున్న ఆంధ్రప్రదేశ్‌కు రెండు ఖండాల క్రీడాకారులను ఆహ్వానించే అవకాశం ఆ విధంగా దక్కింది. ఈ క్రీడల్లో మహిళల హాకీ కూడా ఒక అంశం కావడంతో, తెలుగు నేలపై ఆడిన అంతర్జాతీయ మహిళల హాకీ చరిత్రలో 2003కు విశిష్ట స్థానం ఏర్పడింది. ఆ ప్రాధాన్యం బోధపడాలంటే స్త్రీల హాకీ పోటీలు పుట్టిన తీరును కొంత వెనక్కి వెళ్ళి చూడవలసి ఉంటుంది.

హాకీ పాలన మొదటినుంచి స్త్రీలకు, పురుషులకు వేర్వేరుగా సాగింది. పురుషుల ఆటను చూసే అంతర్జాతీయ హాకీ సమాఖ్య 1924లో పారిస్‌లో ఏర్పడగా, స్త్రీలు 1927లో తమ సొంత అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించుకొని, కొన్నేళ్ళకొకసారి సభ్యదేశాలన్నీ కలిసే సమావేశాలు నిర్వహిస్తూ, వాటితోపాటు మ్యాచ్‌లు ఆడుకున్నారు. 1930లో జెనీవాలో మొదలైన ఈ సమావేశాల్లో దశాబ్దాలపాటు విజేతను ప్రకటించే ఆనవాయితీ లేదు, కప్పు లేదు, పతకాలు లేవు. ఆటను ఆట కోసమే ఆడాలన్న ఆ నియమాన్ని నేటి పాఠకులు వెనుకబాటుగా భావించవచ్చుగాని, ఎవరి అనుమతికీ ఎదురుచూడకుండా స్త్రీలే పాలించుకున్న ఒక క్రీడావ్యవస్థగా దానిని గౌరవించడమే న్యాయం. భారత జట్టు 1956లో సిడ్నీ సమావేశంలో ఆడింది. ఫలితాన్ని లెక్కించే మహిళల ప్రపంచకప్ 1974లో ఫ్రాన్స్‌లోని మాండెల్యూలో మొదలైనప్పుడు, నెదర్లాండ్స్ గెలిచిన ఆ పోటీలో భారత్ నాలుగో స్థానం పొందింది.

1980 మాస్కో ఒలింపిక్స్‌లో మహిళల హాకీకి తొలిసారి చోటు దొరికింది. అనేక దేశాలు బహిష్కరించడంతో ఆరు జట్లే మిగిలిన ఆ పోటీలో రూపా సైనీ నాయకత్వాన ఆడిన భారత జట్టు, చివరకు స్వర్ణం సాధించిన జింబాబ్వేతో 1-1తో సమంగా నిలిచి కూడా, పతకానికి ఒక మెట్టు దిగువన నాలుగో స్థానంలో ఆగిపోయింది. రెండేళ్ళకు ఢిల్లీ ఆసియా క్రీడల్లో, అప్పుడే చేర్చిన ఈ అంశంలో ఎలిజా నెల్సన్ సారథ్యంలో భారత్ స్వర్ణం గెలిచింది. ఈ గెలుపు వెనుక రైల్వేలు, కళాశాలలు, నగరాల్లోని ఆంగ్లో-ఇండియన్, క్రైస్తవ పాఠశాలలు తీర్చిదిద్దిన తరాలున్నాయి. దక్షిణాదిలో అటువంటి కేంద్రం బెంగళూరు. అక్కడి బ్రిటో అక్కాచెల్లెళ్ళు ఎల్వేరా, రీటా, మే 1960లలో మైసూరు రాష్ట్ర జట్టును దేశంలో మేటిగా నిలిపారు. ఎల్వేరాకు 1965లో అర్జున పురస్కారం లభించింది.

హైదరాబాదు క్రీడలకు వచ్చేనాటికి భారత మహిళలు మంచి ఊపు మీద ఉన్నారు. 2002లో మాంచెస్టర్ కామన్‌వెల్త్ క్రీడల ఫైనల్లో, అదనపు సమయంలో తొలి గోల్‌తోనే ఆట ముగిసే ‘గోల్డెన్ గోల్’ పద్ధతిలో మమతా ఖరబ్ చేసిన గోల్‌తో ఇంగ్లండ్‌ను 3-2తో ఓడించిన జట్టు అది. హైదరాబాదు ఫైనల్ మాత్రం గోల్డెన్ గోల్‌తో తేలక టై-బ్రేకర్‌కు, అంటే వరుసగా తీసే పెనాల్టీ స్ట్రోక్‌లకు వెళ్ళింది. పెనాల్టీ స్ట్రోక్‌లో బంతిని గోల్ గీతకు 6.40 మీటర్ల దూరంలోని గుర్తుపై ఉంచుతారు. ఆడే క్రీడాకారిణి కర్రను వెనక్కెత్తి కొట్టకూడదు. కర్రను బంతికి ఆనించి నెట్టవచ్చు, లేదా గాలిలోకి లేపవచ్చు. 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తున్న గోల్ మధ్య ఒంటరిగా నిలిచిన గోల్‌కీపర్ బంతి కదిలేదాకా రెండు పాదాలూ గీత మీదనే ఉంచాలి. ముందుకు దూకి కోణాన్ని తగ్గించే వీలు లేదు. బంతి చేరడానికి అర సెకను కూడా పట్టని ఆ దూరంలో గోల్‌కీపర్ ఎటు వంగాలో కర్ర అంచును, ఆడేవారి భుజాన్ని బట్టి ముందే పసిగట్టాలి. భారత గోల్‌కీపర్ హెలెన్ మేరీ ఆ ఫైనల్లో అటువంటి స్ట్రోక్‌లను రెండింటిని ఆపింది, భారత్‌కు స్వర్ణం దక్కింది. నేడు ఆ పద్ధతి మారి, 23 మీటర్ల గీత నుంచి ఎనిమిది సెకన్లలో గోల్‌కీపర్‌ను తప్పించి గోల్ చేయవలసిన ‘షూటౌట్’ వచ్చింది.

తెలుగు నేల నుంచి ఆ తర్వాత అంతర్జాతీయ స్థాయికి ఎదిగినవారిలో ముఖ్యురాలు కూడా గోల్‌కీపరే. అప్పటి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాలెం మండలం ఎనుములవారిపల్లెకు చెందిన ఇటిమరపు రజని, భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచిన టోక్యో ఒలింపిక్స్‌కు ప్రత్యామ్నాయ గోల్‌కీపర్‌గా ఎంపికైంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉంది. జట్టుకు ఐదుగురే ఉండి చిన్న కోర్టులో ఆడే ‘హాకీ ఫైవ్స్’ మహిళల తొలి ప్రపంచకప్ 2024 జనవరిలో మస్కట్‌లో జరిగినప్పుడు ఆమెయే భారత కెప్టెన్. నెదర్లాండ్స్ చేతిలో ఫైనల్లో 2-7తో ఓడినా జట్టు రజతంతో తిరిగివచ్చింది. నిజామాబాద్‌కు చెందిన యెండల సౌందర్య కూడా జాతీయ జట్టుకు ఆడిన తెలుగు క్రీడాకారిణి.

ఇన్నేళ్ళలో ఇంత తక్కువ పేర్లు చెప్పుకోవలసి రావడం మన లోపమే. నేటి అంతర్జాతీయ హాకీ అంతా తడిపిన కృత్రిమ పచ్చిక మీద, అంటే టర్ఫ్ మీద, సాగుతుండగా, గడ్డి మైదానంలోనో మట్టి నేల మీదనో నేర్చుకున్న బాలికకు ఆ వేగం, ఆ బంతి జారుడు అలవడటానికి ఏళ్ళు వృథా అవుతాయి. ఆఫ్రో-ఆసియా ఫైనల్ జరిగిన హైదరాబాదులో మైదానాలుంటే చాలదు. ఎర్రావారిపాలెం, నిజామాబాద్ వంటి చోట్ల చదివే ఆడపిల్లలకు బస్సులో వెళ్ళి అదే రోజు తిరిగిరాగలిగినంత దూరంలో ఒక టర్ఫ్, ఒక శిక్షకురాలు ఉండేలా ప్రభుత్వాలు, హాకీ సంఘాలు ఏర్పాటు చేయాలి.