వ్రాతకు చరిత్ర – వాడుకకు అనుమతి

రాయదుర్గమనగానే పలువురికి అనంతపురం సీమలోని కొండకోట స్ఫురిస్తుంది. నేడు ముచ్చటించదలచినది హైదరాబాదు పడమటి దిక్కున, మాదాపురం గచ్చిబౌలిల చెంతనున్న రాయదుర్గం. 1998 నవంబరులో మాదాపురంలో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైన పిదప ఈ బండరాళ్ళ నేలపై కంప్యూటరు కార్యాలయాలు వరుసగా వెలసినవి. అక్కడ జరిగే పని ఏమిటని అడిగితే, వ్రాతపనియే అనవచ్చును. యంత్రం గ్రహించే భాషలో అక్కడివారు వ్రాసిన వ్రాతయే మన సెల్‌ఫోనులో ‘యాప్’ అయి పనిచేస్తుంది.

వ్రాతపని ఉన్నచోట రెండు ప్రశ్నలు తప్పవు. ఏది సరియైన ప్రతి? దానిని వాడుకొనే హక్కు ఎవరికున్నది?

మొదటి ప్రశ్న మనకు క్రొత్తది కాదు. తాళపత్రాలపై గంటముతో వ్రాసిన లేఖకులు ఒకచోట అక్షరం జారవిడిచారు. మరొకచోట తమకు తోచిన మాట చేర్చారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో తెలిపే ఆధారం సాధారణంగా మిగలలేదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర వేమన పద్యాల ప్రతులను సేకరించి, సరిపోల్చి, 1829లో అచ్చు వేయించాడు. అంత శ్రమ పడవలసివచ్చినది మార్పుల జాడ నిలువకపోవుట వల్లనే.

కంప్యూటరు వ్రాతకు ఆ గతి పట్టకుండా 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఒక సాధనం పుట్టినది. ప్రతి మార్పును, మార్చినవారి పేరుతోను, తేదీతోను భద్రపరచుట దాని పని. నేడు ప్రపంచమంతటా విరివిగా వాడే సాధనం ‘గిట్’. దాని పుట్టుక కథ మన రెండవ ప్రశ్నతో ముడిపడినది.

లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి 1991లో లైనక్స్ రచన మొదలుపెట్టాడు. మరుసటి సంవత్సరమే దానిని రిచర్డ్ స్టాల్‌మన్ రూపొందించిన ‘జనరల్ పబ్లిక్ లైసెన్సు’ క్రిందికి తెచ్చాడు. ఎవరైనా చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. పంచునప్పుడు మాత్రం మూలవ్రాతను అవే షరతులతో ఇవ్వవలెను. ఇదీ దాని సారం. 2002 నుండి లైనక్స్ మార్పుల లెక్కను ‘బిట్‌కీపర్’ అనే ప్రైవేటు సాధనంలో ఉంచారు. 2005లో దాని యజమానులు ఉచిత అనుమతిని ఉపసంహరించుకొన్నారు. ఇల్లు మనది, తాళం పరులది అయినప్పుడు ఏమి జరుగునో అదే జరిగినది. టోర్వాల్డ్స్ ఏప్రిల్ 3న పని ప్రారంభించగా, 7వ తేదీకి గిట్ తన మార్పులను తానే నమోదు చేసుకోసాగినది.

అనుమతి మాట మన చట్టంలోనూ ఉన్నది. 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 1984లో సవరించి కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనలలో చేర్చారు. రచయిత జీవితకాలమూ, ఆపై 60 ఏళ్ళూ హక్కు నిలుస్తుంది. కనుక మూలవ్రాతను నలుగురి కంటబడేలా ఉంచినంత మాత్రాన అది నలుగురి సొత్తు కాదు. లైసెన్సు పత్రం జతపరచవలెను. ఆండ్రాయిడ్ ఫోనునే చూడండి. దాని పునాదియైన లైనక్స్ జనరల్ పబ్లిక్ లైసెన్సుతోను, పై కట్టడంలో అధికభాగం అపాచీ లైసెన్సుతోను వెలువడినవి. ఈ రెండవది సౌమ్యమైనది. హక్కుదారుల ప్రకటనలను నిలిపి, మార్పులను తెలిపితే చాలును. తన మూలవ్రాతను బయటపెట్టనక్కరలేదు. 2020 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఆరోగ్యసేతు యాప్ మూలవ్రాతను ప్రకటించినది ఈ అపాచీ లైసెన్సుతోనే.

మన భాషకు ఇందువల్ల మేలే జరిగినది. ‘పోతన 2000’, ‘వేమన 2000’ అనే కంప్యూటరు అక్షరరూపాలు జనరల్ పబ్లిక్ లైసెన్సుతో వెలువడి ఎందరికో ఉపకరించినవి. గచ్చిబౌలిలోని ‘స్వేచ్ఛ’ సంస్థ లైనక్స్ ఆధారంగానే తెలుగు ఆపరేటింగ్ సిస్టమును రూపొందించినది.

రాయదుర్గంలో ఒక చిన్న గదిలో నలుగురు మిత్రులు యాప్ ఆరంభిస్తారనుకొందాం. తొలినాడే గిట్ భాండారం తెరచి, మార్పుకొక కారణం వ్రాయుట మంచిది. రహస్యపు తాళపు మాటలను అందులో చేర్చరాదు. తరువాత తుడిచినా పాత ప్రతిలో అవి నిలిచియుంటాయి. పరుల వ్రాతను చేర్చుకొనే ముందు దాని షరతులు చదువవలెను. ఉద్యోగధర్మంగా వ్రాసినది, వేరే ఒడంబడిక లేకపోతే, యజమానికే చెందునని కూడా గుర్తుంచుకోవలెను.

వేమన పద్యాల కోసం బ్రౌను పడిన పాట్లు మన మనుమలు మన వ్రాతల కోసం పడనక్కరలేదు. అందుకు కావలసినవి రెండే: మార్పుల చిట్టా ఒకటి, స్పష్టమైన అనుమతిపత్రం ఒకటి.