పెద్దపల్లి స్టేషను – నా పాసు రోజులు

పెద్దపల్లిలో రైలు దిగి కరీంనగర్ బస్సు కోసం పరుగెత్తని పాత ఉద్యోగి మన సంఘంలో అరుదు. నాకు మాత్రం బస్సు అవసరం ఉండేది కాదు. మా ఆఫీసు పెద్దపల్లిలోనే, ఇల్లు మంచిర్యాలలో. మంచం పట్టిన మా అమ్మ ఊరు కదలలేని స్థితిలో ఉండడం వల్ల కాపురం మార్చలేదు. నెలనెలా పాసు తీసుకుని ఇరవై ఏళ్లకు పైగా అప్ అండ్ డౌన్ చేశాను.

ఈ లైను చరిత్ర కొంత చెప్పుకోవాలి. కాజీపేట–బల్లార్షా మార్గం నిజాం కాలంలో, 1929లో పూర్తయింది. దానితో మద్రాసు, ఢిల్లీ నేరుగా కలిశాయి. 1951లో నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. లైను జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం మీదుగా బొగ్గు గనుల దిక్కుకు సాగిపోయింది. మంచిర్యాల దాటితే రవీంద్రఖని అని ఒక స్టేషను. గని పేరే దాని పేరు. జిల్లా కేంద్రమైన కరీంనగర్ మాత్రం పక్కకు ఉండిపోయింది. డెబ్బై ఏళ్ల పాటు కరీంనగర్‌కు రైల్వే స్టేషనంటే పెద్దపల్లే.

నేను పాసు తీసుకున్న కొత్తలో బొగ్గు ఇంజన్లే. కిటికీ పక్కన కూర్చుంటే తెల్లచొక్కా మీద నుసి పడేది. 1980లలో కరెంటు తీగలు వచ్చాయి, నుసి బాధ పోయింది. బండి నిండా మాలాంటి వాళ్లే: టీచర్లు, బ్యాంకు గుమస్తాలు, షిఫ్టు దిగిన గని కార్మికులు. రామగుండంలో ఎరువుల కర్మాగారం వాళ్లు దిగితే కాస్త చోటు దొరికేది. 1999లో ఆ కర్మాగారం మూతపడింది. ఆ తర్వాత అక్కడ దిగే టిఫిను డబ్బాలు కనిపించకపోతే, సీటు దొరికినా మనసుకు బాగుండేది కాదు. అక్కడ మళ్లీ ఉత్పత్తి మొదలయింది 2021లో.

సౌకర్యాలంటారా, మాకు కావలసినవి తక్కువ. ఒక నల్లా, ఒక నీడ, ఒక టీ. సీతాఫలాల కాలంలో గంపలు దిగేవి. అన్నిటికంటే ముఖ్యం, వేళకు బండి. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి మా ప్యాసింజరును లూపులో పెట్టినరోజు హాజరు పట్టీలో ఎర్ర సిరా తప్పేది కాదు. మూడు ఎర్ర గీతలకు ఒక క్యాజువల్ లీవు పోయేది.

1988లో నాకు ప్రమోషన్ వచ్చింది, జగిత్యాలకు. జగిత్యాలకు రైలు లేదు. రెండు బస్సులు మారి, రాత్రికి తిరిగొచ్చి అమ్మకు మందు ఇవ్వడం జరిగే పని కాదు. ఆలోచించి, ప్రమోషన్ వద్దని కాగితం రాసిచ్చాను. ఆ తేడా ఈనాటికీ నా పెన్షనులో ఉంది. మా ఇంటావిడ అప్పుడు ఒక్క మాటా అనలేదు.

పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ లైను 1993-94లో మంజూరైంది. అప్పటి ప్రధాని మన వంగర పి.వి. నరసింహారావు గారు. మొత్తం 177 కిలోమీటర్లు. ముందు కరీంనగర్‌కు, తర్వాత జగిత్యాలకు, చివరికి 2017లో నిజామాబాద్ దాకా బండి నడిచింది. పెద్దపల్లి జంక్షన్ అయింది. నేను రిటైరై చాలా ఏళ్లయింది అప్పటికి.

ఆ ఏడాదే మా ఇంటావిడ, "ఒక్కసారన్న గా రైలెక్కుదాం" అంది. పని ఏమీ లేదు. పెద్దపల్లిలో బండి మారి పోయాం. స్టేషను పేరు లింగంపేట–జగిత్యాల. దిగి బెంచీ మీద కూర్చున్నాం. చుట్టూ చూసి, "మీ ప్రమోషన్ ఊరు గిదేనా?" అంది. అవునన్నాను. తెచ్చుకున్న సద్దిమూట విప్పింది. తిని, తిరుగు బండికి వచ్చేశాం.

2020 మార్చిలో కరోనాతో ప్యాసింజర్లు ఆగాయి. అదే నెలలో మన వృద్ధుల రాయితీ కూడా పోయింది: 60 దాటిన మగవారికి 40 శాతం, 58 దాటిన ఆడవారికి 50 శాతం ఉండేది. బండ్లు తిరిగి వచ్చినప్పుడు కనీస టికెట్ పది రూపాయల నుంచి ముప్పై అయింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పాత ధరకు దించారు. రాయితీని మాత్రం టికెట్‌తో పాటు తిరిగి ఇవ్వలేదు. 2025 మే 22న కొత్త హంగులతో కరీంనగర్ స్టేషనును ప్రారంభించారు. సంతోషమే. కానీ మోకాళ్లు అరిగిన మనకు కొత్త ముఖద్వారం కంటే లిఫ్టు, ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివర దాకా బెంచీలు, రాయితీ ఎక్కువ అవసరం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో రాయితీ గురించి ఎవరైనా తీర్మానం పెడితే నేను బలపరుస్తాను. సమావేశం కరీంనగర్‌లో అయితే రైల్లోనే వస్తాను, పెద్దపల్లిలో బండి మారి.